విత్తనాల దుకాణం వెబ్ అప్లికేషన్‌లో గూగుల్ లాంటి సూచనలు రావాలంటే ఏం చేయాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. అడిగినవారు వరంగల్‌లో బీటెక్ చివరి సంవత్సరం చదువుతున్నారు. నర్సంపేటలో వాళ్ల నాన్నగారికి విత్తనాలు, ఎరువులు, పురుగుమందుల దుకాణం ఉంది. సరుకు దాదాపు 4,000 రకాలు. బిల్లు రాయడానికీ, రైతులు ఫోన్లో సరుకు చూసుకోవడానికీ ఒక వెబ్ అప్లికేషన్ రాస్తున్నారు. వెతికే పెట్టెలో రెండు అక్షరాలు కొట్టగానే గూగుల్‌లో లాగా కింద సూచనలు రావాలి, తెలుగులో కొట్టినా ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టినా పనిచేయాలి. ఇప్పుడు ఒక్కో కీకి ఒక్కో రిక్వెస్ట్ వెళ్లి సర్వర్ సతాయిస్తోంది. ఎలాస్టిక్‌సెర్చ్ (పెద్ద జాబితాల్లో వెతకడానికి సర్వర్ మీద విడిగా నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టాలా, ఏఐ వాడాలా అని అడిగారు.

సూటిగా చెప్తాను: రెండూ అక్కర్లేదు. 4,000 సరుకుల జాబితా మొత్తాన్నీ పేజీ తెరిచినప్పుడు ఒక్కసారి బ్రౌజర్‌లోకి దింపేయండి. వెతకడం అక్కడే జావాస్క్రిప్ట్‌లో జరగాలి, కీ కొట్టినప్పుడల్లా సర్వర్ దాకా వెళ్లే పనే ఉండకూడదు. అలా మిగిలిన సమయాన్ని పేర్ల జాబితా బాగు చేయడానికి పెట్టండి. సూచనలు బాగా వస్తున్నాయా లేదా అన్నది అల్గారిథమ్ కంటే ఆ జాబితా మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. నేను హనుమకొండలో ఉంటూ దుకాణాలకు, మార్కెట్ యార్డు అడ్తిదారులకు ఇలాంటివే రాస్తుంటాను. ఆ అనుభవంతోనే చెప్తున్నాను.

ముందు లెక్క చూద్దాం. ఒక్కో సరుకుకు పేరు, మారుపేర్లు, రకం, కోడ్ అన్నీ కలిపి 100 బైట్లు అనుకుంటే మొత్తం 400 కేబీ. తెలుగు అక్షరం యూటీఎఫ్-8లో ఒక్కోటి 3 బైట్లు తింటుంది కాబట్టి ఇంకొంచెం పెరగొచ్చు. అయినా జీజిప్ చేసి, అంటే కుదించి పంపితే బాగా తగ్గుతుంది. వాట్సాప్‌లో వచ్చే ఒక ఫొటో బరువు కూడా ఉండదు. ఒకసారి దిగాక బ్రౌజర్‌లోనే ఉండే ఇండెక్స్‌డ్‌డీబీ అనే డేటాబేస్‌లో దాచుకుంటే కరెంటు పోయి వైఫై ఆగిపోయినా బిల్లు కౌంటర్ దగ్గర వెతకడం ఆగదు. 4,000 పేర్లను మొదటి నుంచి చివరి దాకా పోల్చి చూడటం మామూలు ఫోన్‌కు కూడా పెద్ద పని కాదు. అక్షర క్రమంలో పేర్చి సగం సగం చేసుకుంటూ వెతికితే 12 పోలికల్లో చోటు దొరుకుతుంది. కాలేజీలో ట్రై డేటా స్ట్రక్చర్ (పేర్లను అక్షరం అక్షరంగా చెట్టు కొమ్మల్లా పేర్చే పద్ధతి) నేర్పారు కదా, అది పెట్టాలా అంటారేమో. ఈ సైజుకు అవసరం లేదు. ప్రాజెక్టు వైవాలో చెప్పుకోవడానికి కావాలంటే పెట్టుకోండి, నష్టం లేదు.

గూగుల్ అలా ఎందుకు చేయదు, సర్వర్ నుంచే ఎందుకు తెప్పిస్తుంది అనే సందేహం వస్తుంది. వాళ్ల జాబితా ఏ ఫోన్‌లోనూ పట్టదు కాబట్టి. గూగుల్ సజెస్ట్ 2004 డిసెంబరులో గూగుల్ ల్యాబ్స్‌లో ప్రయోగంగా వచ్చింది. కెవిన్ గిబ్స్ అనే ఇంజనీరు తన 20 శాతం సమయంలో, అంటే సొంత ఆలోచనల కోసం కంపెనీ ఇచ్చే సమయంలో, దాన్ని మొదలుపెట్టాడు. 2008లో అది మామూలు గూగుల్ పేజీలోకి వచ్చేసింది. పేజీ మళ్లీ లోడ్ కాకుండా వెనకాల సర్వర్‌తో మాట్లాడే ఎక్స్ఎంఎల్‌హెచ్‌టీటీపీరిక్వెస్ట్ అనే సదుపాయానికి తొలి రూపం 1999లోనే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5లో ఉంది. కానీ దానితో ఇంత చేయొచ్చని చాలామందికి తెలిసింది సజెస్ట్, జీమెయిల్, మ్యాప్స్ చూశాకే. 2005 ఫిబ్రవరిలో జెస్సీ జేమ్స్ గారెట్ అనే డిజైనర్ ఈ పద్ధతికి అజాక్స్ అని పేరు పెట్టినప్పుడు చూపించిన ఉదాహరణల్లో గూగుల్ సజెస్ట్ ఒకటి. మనం ఈ రోజు రాసే చాలా ఇంటరాక్టివ్ పేజీల వెనక ఆ పద్ధతే ఉంది. అయితే ఆ సజెస్ట్‌కు అసలు బలం కోట్లమంది అంతకుముందు ఏం వెతికారన్న రికార్డు. అది మీ దగ్గర లేదు, నర్సంపేట దుకాణానికి ఎప్పటికీ రాదు.

మీ దగ్గర దానికి బదులు ఇంకోటి ఉంది. కౌంటర్ దగ్గర కూర్చునే మీ నాన్నగారు. రైతు వచ్చి "మొన్నటి గుళికలు", "ఇరవై ఇరవై రెండు బస్తాలు", "పత్తిల గడ్డి మందు" అంటే ఆయన వెనక్కి తిరిగి సరైన డబ్బా తీస్తారు. సగం మాట వినగానే సరుకు గుర్తుపట్టడం ఆయన ఏళ్లుగా చేస్తున్న పని. మీ పెట్టె చేయాల్సింది కూడా అదే. కాబట్టి కోడ్ మొదలుపెట్టే ముందు కౌంటర్ దగ్గర కూర్చుని, రైతులు ఏ మాటతో అడిగారో, నాన్నగారు ఏ సరుకు ఇచ్చారో పక్కపక్కన రాసుకోండి. రద్దీ ఉన్న సంత రోజు కూర్చుంటే ఇంకా మంచిది. బిల్లు మీద ఉండే పేరు, రైతు నోట్లో ఉండే పేరు ఎంత వేరుగా ఉంటాయో అప్పుడు కనిపిస్తుంది.

ఒక సరుకు తీసుకుని చూద్దాం. ఎరువు బస్తా మీద 20-20-0-13 అని ఉంటుంది. రైతు ఇరవై ఇరవై అంటాడు. కుర్రాడు ఫోన్లో 2020 అని కలిపి కొడతాడు, ఇంకొకరు మధ్యలో ఖాళీ వదిలి కొడతారు, గుమస్తా గీత పెట్టి కొడతాడు. 28-28-0, 14-35-14, 17-17-17 అన్నిటిదీ ఇదే కథ. మీ డేటాబేస్‌లో పేరు గీతలతో సహా ఒక్కటే రూపంలో ఉంటే వీటిలో మూడొంతులు దొరకవు. అంకెలున్న పేర్లలో గీతలు, ఖాళీలు, చుక్కలు తీసేసి ఒక రూపం తయారు చేయండి. కొట్టినదానికీ అదే చేసి పోల్చండి. "ఇరవై ఇరవై" అనే మాటను మారుపేరుగా విడిగా రాయండి. డీఏపీకి 18-46-0 కూడా మారుపేరే, అలా అడిగేవాళ్లూ ఉంటారు. వడ్లు అన్నా వరి అన్నా, మక్కలు అన్నా మొక్కజొన్న అన్నా ఒకే విత్తనాలు రావాలి. మిర్చి విత్తనాల్లో చపాటను మన దగ్గర టమాటా మిర్చి అని కూడా అంటారు. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డు వాళ్లకు చేసిన అప్లికేషన్‌లో ఆ రెండు పేర్లూ ఒకే వరుసకు కట్టాల్సి వచ్చింది, లేకపోతే ఒకే సరుకు రెండు పేర్ల కింద రెండుగా నమోదవుతుంది.

ఇక ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టడం. దీనికి లైబ్రరీలు ఉన్నాయి గానీ మీ అవసరానికి చిన్న పట్టిక చాలు. పత్తి అనే మాటే చూడండి. కొందరు టి రెండు సార్లు కొడతారు, కొందరు టి పక్కన హెచ్ పెడతారు, కొందరు రెండు టీలూ హెచ్ కూడా పెడతారు. ఎవరి స్పెల్లింగ్ సరైనది అని చూడకుండా అందరినీ ఒకే రూపానికి కుదించాలి. నేను వాడే నియమాలు ఇవీ: హల్లు పక్కన హెచ్ వస్తే తీసేయాలి, రెండు ఈలను ఐగా, రెండు ఓలను యుగా మార్చాలి, మిగతా జంట అక్షరాలను ఒకటి చేయాలి, డబ్ల్యూను విగా మార్చాలి, మాట చివరి వైని ఐగా మార్చాలి. అప్పుడు పత్తిని ఎలా కొట్టినా పి, ఎ, టి, ఐ అనే నాలుగు అక్షరాలే మిగులుతాయి.

తెలుగు లిపిలో కొట్టినదాన్ని కూడా ఇదే రూపానికి తీసుకురండి. త, ట రెండూ టి అవుతాయి. ద, డ రెండూ డి. ల, ళ ఒకటి. న, ణ ఒకటి. శ, ష, స ఒకటి. హ్రస్వం, దీర్ఘం ఒకటి. ఖ, ఘ, థ, ధ లాంటివి క, గ, త, ద అవుతాయి. త్త లాంటి జంట హల్లు ఒకటే అవుతుంది. ఇలా చేస్తే తెలుగులో కొట్టినా ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టినా ఒకే కీ (పోల్చడానికి వాడే కుదించిన రూపం) వస్తుంది, ఒకే జాబితాలో వెతికితే సరిపోతుంది. సరుకు పేర్లకు ఈ కీని ముందే లెక్కగట్టి పక్కన పెట్టుకోండి. పేరులోని ప్రతి మాటకూ కీ ఉండాలి, మొదటి మాటకు మాత్రమే పెడితే కుదరదు. "హైబ్రిడ్ పత్తి విత్తనం" అన్న సరుకు పత్తి అని కొట్టినా రావాలి కదా. కుదించినందువల్ల ఒకటి రెండు సంబంధం లేని పేర్లు కూడా జాబితాలోకి వస్తాయి. వాటిని కిందికి నెట్టడానికి ఒక చిన్న ఏర్పాటు చాలు: కొట్టినది ఉన్నది ఉన్నట్టు సరిపోలితే పైన, కుదించాక మాత్రమే సరిపోలితే కింద.

ఈ పట్టిక రసాయనాల పేర్లకు పనిచేయదు, ఇది గుర్తుపెట్టుకోండి. ఎసిఫేట్ అనే పురుగు మందు ఇంగ్లీషు స్పెల్లింగ్ ఎ అక్షరంతో మొదలవుతుంది, మధ్యలో సి, పిహెచ్ ఉంటాయి. తెలుగులో మనం ఎసిఫేట్ అని పలికినట్టు రాస్తాం. రెండింటినీ కుదిస్తే వేర్వేరు కీలు వస్తాయి. అందుకని మందుల వరకు ఇంగ్లీషు స్పెల్లింగ్, తెలుగు స్పెల్లింగ్, కంపెనీ పెట్టిన పేరు మూడూ విడివిడిగా చేత్తో నమోదు చేయాల్సిందే. రైతుకు క్లోరాంట్రానిలిప్రోల్ తెలియదు, దానికి కంపెనీ పెట్టిన కోరాజెన్ అనే పేరు తెలుసు.

మందుల గురించి ఇంకాస్త చెప్పాలి. ఈ సమాధానంలో మిగతావన్నీ వదిలేసినా దీన్ని మాత్రం వదలొద్దు. ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతం ఎస్ఎల్ (నీళ్లలో కరిగే ద్రవ రూపం) రసం పీల్చే పురుగులకు కొట్టే మందు. ఇమాజెథాపైర్ 10 శాతం ఎస్ఎల్ సోయా, వేరుశనగ లాంటి పంటల్లో కలుపుకు వాడే గడ్డి మందు. "ఇమ" అని కొట్టగానే రెండూ ఒకదాని కింద ఒకటి వస్తాయి. రెండూ పొడుగు పేర్లే, రెండిటి చివరా ఎస్ఎల్ ఉంది. సాయంత్రం రద్దీలో గుమస్తా వేలు ఒక వరుస కిందికి జారితే, పచ్చదోమ పట్టిన పత్తికి కొట్టాల్సిన మందు బదులు గడ్డి మందు బిల్లులోకి ఎక్కుతుంది. డబ్బా కూడా బిల్లు చూసే తీస్తారు. ఆ రైతు చేను సంగతి ఏమవుతుందో మీ నాన్నగారిని అడగండి, ఆయన నాకంటే బాగా చెప్తారు.

అందుకని మందుల విషయంలో నాలుగు పద్ధతులు పట్టుబట్టి పాటిస్తాను. సూచనలో పేరు ఒక్కటే కాకుండా పక్కన రకం, పంట కూడా పెద్దగా కనిపించాలి: "పురుగు మందు, పత్తి", "గడ్డి మందు, సోయా" అని. రకాన్ని బట్టి వరుసకు రంగు గీత ఉండాలి. ఎంటర్ కొట్టగానే మొదటి సూచన దానంతటదే ఎంపికైపోకూడదు, బాణం కీతో గానీ వేలితో గానీ మనిషి ఎంచుకోవాలి. నాలుగోది, స్పెల్లింగ్ తప్పుంటే యంత్రం తానే సరిచేసి వేరే మందు చూపించకూడదు. ఎరువులకు, విత్తనాలకు ఒక అక్షరం తేడాను క్షమించే వెతుకులాట పెట్టుకోవచ్చు. లెవెన్‌స్టైన్ దూరం అని వినే ఉంటారు, అది వాటికి పనికొస్తుంది. మందుల దగ్గర అది అసలు వద్దు. దొరక్కపోతే దొరకలేదని చెప్పడమే మంచిది, గుమస్తా డబ్బా చూసి పేరు కొట్టుకుంటాడు.

తెలుగు టైపింగ్‌లో దొరికే చిక్కులు కొన్ని ఉన్నాయి. ఇంగ్లీషు ట్యుటోరియల్ చూసి రాస్తే ఇవి తెలియవు.

కీడౌన్ ఈవెంట్ మీద ఆధారపడకండి. ఆండ్రాయిడ్ ఫోన్లలో గూగుల్ కీబోర్డు జీబోర్డ్‌తో కొడితే ఏ అక్షరానికైనా తరచూ 229 అనే కోడే వస్తుంది. ఇన్‌పుట్ ఈవెంట్ వినండి, పెట్టెలో ఉన్న మొత్తం మాటను ప్రతిసారీ చదవండి. కంప్యూటర్ మీద ఫొనెటిక్ కీబోర్డుతో కొట్టేవాళ్లకు మాట పూర్తయ్యేదాకా మధ్యలో రకరకాల రూపాలు కనిపిస్తాయి. కంపోజిషన్ మొదలైన, ముగిసిన ఈవెంట్లు చూసుకుని, మధ్యలో సూచనలు చూపించినా పెట్టెలోని మాటను మాత్రం ముట్టుకోకండి. ముట్టుకుంటే కొట్టేవాళ్ల మాట చెదిరిపోతుంది.

"రెండు అక్షరాలు కొట్టాకే సూచనలు" అనే నియమం తెలుగులో వేరేలా పనిచేస్తుంది. మి అనేది మనకు ఒక అక్షరం, కంప్యూటర్‌కు మ, గుడి అని రెండు. మిర్చి మనకు రెండు అక్షరాలు, దానికి ఆరు. కాబట్టి జావాస్క్రిప్ట్‌లో పొడవు రెండు అని పెడితే మి లాంటి ఒక్క అక్షరానికే సూచనలు మొదలవుతాయి. బ్రౌజర్‌లోనే వెతుకుతున్నారు కాబట్టి అది మంచిదే, అలాగే ఉంచండి.

కొట్టిన భాగాన్ని సూచనలో బోల్డ్ చేసి చూపించడం అందరూ చేస్తారు. ఇంగ్లీషుకు అది బాగుంటుంది. తెలుగులో మిర్చి మాటను "మిర్" దగ్గర తెంచి ట్యాగ్ పెడితే, కొన్ని ఫోన్లలో వత్తు విడిపోయి అక్షరం విరిగిపోతుంది. గుడి దగ్గర తెంచితే చుక్కల గుండ్రం కూడా కనిపిస్తుంది. ఈ తంటా పడకుండా తెలుగు సూచనల్లో బోల్డ్ మానేయండి. చూడటానికి ఏ లోటూ ఉండదు.

కళ్లకు కనిపించని అక్షరాలు ఇంకో సమస్య. వాట్సాప్ నుంచో ఎక్సెల్ నుంచో పేర్లు కాపీ చేసినప్పుడు జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు మాటల మధ్య కూర్చుని ఉంటుంది. చూడటానికి రెండు పేర్లూ ఒకటే, పోలిస్తే వేరు. అలాగే ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయొచ్చు. జాబితాకూ, కొట్టినదానికీ రెండింటికీ ఎన్ఎఫ్‌సీ నార్మలైజేషన్ చేసి, అంటే అలాంటి వేర్వేరు రూపాలను ఒకటి చేసి, కనిపించని గుర్తులు తీసేయండి. ఇది ఒకే చోట ఒక ఫంక్షన్‌గా ఉండాలి. దిగుమతి కోడ్‌లో ఒకలా, వెతికే కోడ్‌లో ఇంకోలా ఉంటే "సరుకు ఉంది కానీ దొరకట్లేదు" అనే ఫిర్యాదు ఆగదు.

వరుస క్రమం సంగతి. పత్తి అని కొడితే 60 రకాలు వస్తాయనుకోండి, ఏది పైన? బిల్లుల్లోనే జవాబు ఉంది. ఈ మధ్య ఎక్కువ అమ్మింది పైన. అయితే మొత్తం అమ్మకాలు కూడితే లాభం లేదు, ఎందుకంటే మన సరుకు కాలాన్ని బట్టి మారుతుంది. వానాకాలం మొదట్లో పత్తి గింజలు, అడుగు మందులు కదులుతాయి. యాసంగిలో వరి, మక్కల విత్తనాలు. గత కొన్ని వారాల బిల్లులకు ఎక్కువ బరువు, పాతవాటికి తక్కువ బరువు ఇవ్వండి. పోయిన ఏడాది ఇదే నెల బిల్లులకు కూడా కొంత బరువు ఇస్తే సీజన్ మొదటి రోజే సరైన సరుకు పైకి వస్తుంది.

కానీ ఈ క్రమాన్ని గంట గంటకూ మార్చకండి. బిల్లు కొట్టే మనిషికి "పత్తి" కొట్టి రెండు సార్లు కింది బాణం నొక్కడం వేళ్లకు అలవాటవుతుంది, స్క్రీన్ కూడా చూడడు. పొద్దున ఉన్న వరుస మధ్యాహ్నానికి మారితే తప్పు సరుకు ఎక్కుతుంది. వారానికి ఒకసారి, దుకాణం మూశాక మార్చండి. స్టాక్ లేని సరుకును దాచేయడం కూడా వద్దు. బూడిద రంగులో "లేదు" అని చూపిస్తే గుమస్తాకు పేరు తప్పు కొట్టానేమో అనే టెన్షన్ ఉండదు.

సర్వర్ ఎప్పుడు అవసరం? జాబితా లక్ష దాటినప్పుడు, లేదా నిమిషం నిమిషం మారుతున్నప్పుడు. పార్సిళ్లు బుక్ చేసే ఒకరి అప్లికేషన్‌లో నేను ఈ పని చూశాను. అక్కడ వెతికేది ఊరి పేరు, దానికి లక్షల్లో ఉన్న పాత కస్టమర్ చిరునామాలు కూడా కలిసి ఉన్నాయి. అంతకుముందు రాసినవాళ్లు డిబౌన్స్ పెట్టారు, అంటే కీ కొట్టడం ఆగిన 200 మిల్లీసెకన్లకు గానీ రిక్వెస్ట్ వెళ్లదు. అంతవరకు సరే. అయినా తప్పు ఊళ్లు బుక్ అవుతున్నాయి. గుమస్తా "పర" అని కొట్టి ఒక క్షణం ఆగి "పరకాల" పూర్తి చేస్తాడు. రెండు రిక్వెస్టులు వెళ్తాయి. సిగ్నల్ సరిగా లేని ఏటూరునాగారం వైపు మొదటిదానికి జవాబు రెండోదాని తర్వాత వచ్చేది. కొత్త జాబితా మీద పాత జాబితా వచ్చి కూర్చునేది, వేలు అప్పటికే దిగుతూ ఉండేది. డిబౌన్స్ దీన్ని ఆపదు. కొత్త రిక్వెస్ట్ పంపేటప్పుడు పాతదాన్ని అబార్ట్‌కంట్రోలర్‌తో రద్దు చేయాలి. దానితో పాటు ప్రతి రిక్వెస్టుకూ ఒక వరుస సంఖ్య ఇచ్చి, ఆఖరి సంఖ్యది కాని జవాబు వస్తే పారేయాలి. మీ ఇప్పటి కోడ్‌లో కూడా ఈ లోపం ఉండే ఉంటుంది, బ్రౌజర్‌లోకి మార్చేదాకా ఈ ఒక్కటి సరిచేసుకోండి.

డేటాబేస్ వైపు చూస్తే, లైక్ క్వెరీలో (పేరులో ముక్కతో వెతికే ఆదేశం) ఏ అక్షరాలైనా సరే అని చెప్పే శాతం గుర్తు చివర మాత్రమే ఉంటే డేటాబేస్ ఇండెక్స్ వాడుకోగలదు. ముందు కూడా పెడితే మామూలు ఇండెక్స్ పనికిరాదు, టేబుల్ అంతా చదువుతుంది. ఒక్కో కీకి ఒక్కో రిక్వెస్ట్ వెళ్లడంతో పాటు ఇదీ మీ సర్వర్ సతాయించడానికి ఒక కారణం అయి ఉండొచ్చు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో మధ్యలో ఉన్న ముక్కలు వెతకాలంటే పీజీ ట్రైగ్రామ్ ఎక్స్‌టెన్షన్ ఉంది. ఎలాస్టిక్‌సెర్చ్ మంచి పనిముట్టే, కానీ దానికి విడిగా మెమరీ, విడిగా నిర్వహణ కావాలి. దుకాణంలో దాన్ని చూసుకునేది ఎవరు?

ఊళ్ల పేర్లు మీకూ కావాలి, డెలివరీ పెడతారు కాబట్టి. రాష్ట్రంలో ఊళ్లు పది వేలకు పైనే, ఒకే పేరుతో చాలా ఉంటాయి. కొత్తపల్లి అని కొడితే ఏ కొత్తపల్లి? ప్రతి ఊరి పక్కనా మండలం, జిల్లా చూపించండి. 2016లో జిల్లాలు విడిపోయాయి, 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ వరంగల్ అయింది. జనం ఇంకా పాత పేర్లు కొడతారు. హన్మకొండ, హనుమకొండ, హనంకొండ అన్నీ ఒకే చోటికి చేరాలి. కుదింపు పట్టిక ఇక్కడ పూర్తిగా సాయం చేయదు, పాత పేర్లను కూడా మారుపేర్లుగా రాసుకోండి.

తెర మీద కనిపించే సంగతులు త్వరగా చెప్పేస్తాను. ఫోన్లో కీబోర్డ్ సగం తెర తినేస్తుంది, ఐదారు సూచనలకు మించొద్దు. ఒక్కో వరుస ఎత్తు 48 పిక్సెళ్లు ఉంటే వేలికి అందుతుంది. సూచనను తాకితే ఏమీ జరగకుండా జాబితా మాయమవుతోంది అంటే, క్లిక్ అందే లోపే పెట్టె ఫోకస్ పోయి జాబితా మూసుకుపోతోందని అర్థం. మౌస్‌డౌన్ దగ్గర డిఫాల్ట్‌ను ఆపితే సరి. బ్రౌజర్ తన పాత సూచనలను మీ సూచనల మీద పరచకుండా ఆటోకంప్లీట్ ఆఫ్ చేయండి. బాణం కీలు, ఎస్కేప్ పనిచేయాలి. చూపు లేనివాళ్ల స్క్రీన్ రీడర్‌కు అర్థమయ్యేలా కాంబోబాక్స్, లిస్ట్‌బాక్స్ రోల్స్ పెట్టాలి. దీన్ని చివరికి వదిలేస్తారు చాలామంది, మొదటి రోజే పెడితే పెద్ద పని కాదు.

ఇంకో మాట, ఒక్కో కీకి ఫలితాల పేజీ మొత్తం మారిపోయేలా చేయాలనిపిస్తుంది. గూగుల్ 2010లో ఇన్‌స్టంట్ పేరుతో అలాగే చేసింది, 2017లో తీసేసింది. అప్పటికి జనం ఎక్కువగా వెతికేది ఫోన్ల మీద, అక్కడ అది నప్పలేదు. మీ రైతులూ ఫోన్లోనే చూస్తారు. సూచనల దగ్గరే ఆపండి.

ఏఐ సంగతికొస్తే, కీ కొట్టిన ప్రతిసారీ ఒక మోడల్‌ను అడగడం వద్దు. ఆలస్యం, ఖర్చు రెండూ ఎక్కువ. సూచన 0.1 సెకనులోపు వస్తేనే మనిషికి వెంటనే వచ్చినట్టు అనిపిస్తుంది. నెట్ మీదుగా మోడల్‌ను అడిగి ఆ సమయంలో జవాబు తేవడం కష్టం. పైగా జాబితాలో లేని పేరు సృష్టించి చూపిస్తే మందుల దుకాణంలో అది ప్రమాదం. కానీ ఒక పనికి వాడుకోండి. మీ సరుకు జాబితా ఇచ్చి మారుపేర్లు, స్పెల్లింగ్ రకాలు రాయించండి. వచ్చినదాన్ని నాన్నగారితో కలిసి ఒక్కో వరుసా చదివి, ఆయన అవునన్నవే ఎక్కించండి.

ఇక ఉద్దెర ఖాతాలు. రైతు పేరు రెండు అక్షరాలు కొట్టగానే పేరు, ఊరు, బాకీ వచ్చేలా చేస్తారు, కౌంటర్‌కు అది అవసరమే. కానీ ఆ జాబితా రైతులు చూసే పేజీలోకి పొరపాటున కూడా దిగకూడదు. మొత్తం జాబితాను బ్రౌజర్‌కు పంపమన్నది సరుకులకు మాత్రమే. మనుషుల పేర్లు సర్వర్‌లోనే ఉండాలి, లాగిన్ అయిన గుమస్తాకు మాత్రమే, అదీ కొట్టినదానికి సరిపడేవి మాత్రమే రావాలి. బాకీ సూచనలో వద్దు, పక్కన నిలబడ్డ మనిషి చదివేస్తాడు. ఖాతా తెరిచాక చూపించండి. సూచనలు మనిషి పరువు తీయగలవు అనే మాట కోర్టుల దాకా వెళ్లింది. 2013 మేలో జర్మనీ అత్యున్నత సివిల్ కోర్టు, ఒక మనిషి పేరు పక్కన పరువు తీసే మాటలు సూచనగా వస్తున్నాయని తెలియజేశాక వాటిని తీసేయాల్సిన బాధ్యత గూగుల్‌దేనని చెప్పింది. మన దగ్గర 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. రైతులు వెతికిన మాటలను సూచనలుగా వాడుకోవాలనుకుంటే, ఒక్కరు కొట్టిన మాటను ఇంకొకరికి చూపించకండి. చాలామంది విడివిడిగా కొట్టిన మాటే పైకి రావాలి.

చివరగా ఒక చిన్న టేబుల్ పెట్టండి. కొట్టినా ఏమీ దొరకని మాటలు, తేదీ, అంతే. ఎవరు కొట్టారో వద్దు. ప్రతి వారం నాన్నగారి ముందు పెడితే, ఏ మాటకు ఏ సరుకో ఆయన చెప్తారు, మీరు మారుపేరుగా ఎక్కిస్తారు. మొదట్లో జాబితా పొడుగ్గా ఉంటుంది, తర్వాత తగ్గుతుంది. సీజన్ మారినప్పుడు, కొత్త కంపెనీ మందు వచ్చినప్పుడు మళ్లీ పెరుగుతుంది.

ఇప్పుడు ఏ డేటాబేస్ వాడుతున్నారో, సరుకు పేర్లు ప్రస్తుతం ఏ రూపంలో ఉన్నాయో ఓ పది వరుసలు ఇక్కడ పెట్టండి. కస్టమర్ పేర్లు తీసేసి పెట్టండి. కుదింపు పట్టికలో మీ సరుకుకు ఇంకేం నియమాలు కావాలో చూసి చెప్తాను.